ఇంటికి గట్టినేల, పెరటికి గుల్లనేల

మీ ఇంట్లో ఒక స్థలం కొన్నారనుకోండి. ముందు భాగంలో ఇల్లు, వెనక పెరడు. ఇంటికి కావలసింది కుంగని, కదలని గట్టినేల. పెరట్లోని వంగమొక్కకూ కాకరపాదుకూ కావలసింది వేళ్లు సులువుగా దిగే గుల్లనేల. ఒకే స్థలాన్ని రెండు రకాలుగా సిద్ధం చెయ్యాలి. ఈ చిక్కు ఈనాటిది కాదు. దీని గురించి మన దేశంలో వివరంగా రాసిన పాత గ్రంథాలలో ఒకటి క్రీ.శ. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుని ‘బృహత్సంహిత’.

వరాహమిహిరుడు అవంతి దేశంవాడు, అంటే నేటి ఉజ్జయిని ప్రాంతం. ఆయన జ్యోతిష్కుడిగానే చాలామందికి తెలుసు. కెర్న్ పరిష్కరించగా 1865లో కలకత్తాలో అచ్చయిన ఈ గ్రంథంలో వాస్తువిద్య, భూగర్భజలం, వృక్షాయుర్వేదం అనే అధ్యాయాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇల్లు, నీరు, చెట్టు. సొంతిల్లు కట్టుకునేవారికి ఎదురయ్యే పనులు కూడా ఇవే కదా!

స్థలాన్ని పరీక్షించే పద్ధతి చూడండి. మూరెడు కొలతతో గొయ్యి తవ్వాలి. తీసిన మట్టిని మళ్లీ అందులోనే పొయ్యాలి. మట్టి మిగిలితే నేల మంచిది, సరిపోతే మధ్యమం, చాలకపోతే పనికిరాదు. దీని వెనక ఉన్న విషయం సులభం. ఏళ్ల తరబడి అణిగి ఉన్న మట్టిని తవ్వితే రేణువుల మధ్యకు గాలి చేరి పరిమాణం పెరుగుతుంది. అందుకే మిగులుతుంది. అదే పాత గొయ్యి పూడిన చోటో, చెత్త కుళ్లిన చోటో అయితే నేలలో ముందే ఖాళీలుంటాయి. అక్కడ మట్టి చాలదు. ఈనాడు రోడ్డు పనుల్లో ఇంజనీర్లు చేసే ‘ఇసుక భర్తీ’ పరీక్ష కూడా గొయ్యినీ అందులోంచి తీసిన మట్టినీ పోల్చేదే. కాకపోతే గొయ్యిని సాంద్రత తెలిసిన ఇసుకతో నింపి ఘనపరిమాణం లెక్క కడతారు, తీసిన మట్టిని తూకం వేస్తారు.

రెండో పరీక్షలో గొయ్యిని నీటితో నింపి, నూరడుగులు నడిచి తిరిగి రావాలి. నీరు తగ్గకపోతే నేల మంచిదట. నేల నీటిని ఎంత వేగంగా పీలుస్తుందో గడియారం లేకుండా కొలవడమన్నమాట.

ఇక పెరటి నేలకు చెప్పింది పూర్తిగా వేరు. మెత్తని నేల అన్ని చెట్లకూ హితమనీ, అందులో నువ్వులు చల్లి, పూతకు వచ్చాక ఆ మొక్కల్ని అక్కడే నలిపెయ్యాలనీ, నేలకు చెయ్యవలసిన మొదటి పని ఇదేననీ వృక్షాయుర్వేదం అంటుంది. ఇది పచ్చిరొట్ట ఎరువే. పూత దశలో కాండం లేతగా ఉండి త్వరగా కుళ్లుతుంది. కాయ ముదిరాక నార కట్టి ఆలస్యమవుతుంది. మన రైతులు ఇందుకు జనుము, జీలుగ, పిల్లిపెసర వాడతారు. ఇవి గాలిలోని నత్రజనిని కూడా నేలకు అందిస్తాయి. నువ్వుకు ఆ శక్తి లేదు. చెట్టుకూ చెట్టుకూ ఎడం 20 మూరలుంటే ఉత్తమం, 16 మధ్యమం, 12కు తగ్గకూడదని కూడా ఉంది. అంటే సుమారు 30, 24, 18 అడుగులు. ఇప్పటి స్థలాల్లో రెండు మామిడిచెట్లకు కూడా చోటు చాలదు!

అయితే ఇదే గ్రంథం మరో మాట కూడా అంటుంది. తెల్లమట్టి బ్రాహ్మణులకు, ఎర్రమట్టి క్షత్రియులకు, పసుపుమట్టి వైశ్యులకు, నల్లమట్టి శూద్రులకు మంచిదట. ఇంటి వెడల్పు కూడా 32 మూరలతో మొదలై, నాలుగేసి మూరలు తగ్గుతూ కిందికి దిగుతుంది. అందరికన్నా కింద ఉన్నవారికి ఇంకా తక్కువ. గొయ్యి పరీక్షను మనం చేసి చూడవచ్చు. నల్లమట్టి నాలుగోవారి వంతు ఎందుకైందో ఎంత తవ్వినా తెలియదు. పాతది కాబట్టి అంతా సైన్సేనని మెచ్చుకోవడమూ, పాతది కాబట్టి అంతా చెత్తేనని పారెయ్యడమూ రెండూ చదివే శ్రమ తప్పించుకోవడమేనని నా అభిప్రాయం. పాలుగారే చెట్లు ఇంటి దగ్గరుంటే ధననష్టమని కూడా ఉంది. మర్రి, రావి వేళ్లు గోడల్ని చీల్చడం మనకు తెలిసిందే. కానీ గ్రంథం వేళ్ల మాట ఎత్తలేదు. మన కారణాన్ని ఆయన నోట పెట్టకూడదు. పైగా పండ్లచెట్లు దగ్గరుంటే సంతానానికి చేటని ఆ పక్కనే ఉంది. పెరట్లో జామచెట్టు ఉన్న ఇళ్లు మీకెన్ని తెలుసో లెక్కపెట్టండి!

నల్లమట్టి అన్నాను కదా, అసలు సమస్య అక్కడే ఉంది. ఉజ్జయిని ఉన్న మాళవ పీఠభూమి నల్లరేగడి నేల. మన కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల్లోనూ విస్తారంగా ఉన్నది అదే. ఈ నేలలో పై రెండు పరీక్షలూ మోసం చేస్తాయి. ఎండాకాలం గడ్డలు గడ్డలుగా లేచిన మట్టి గోతిలో పట్టక మిగులుతుంది. కాబట్టి ‘మంచిది’ అంటాం. నీరు పోస్తే పగుళ్లలోకి జారిపోతుంది. కాబట్టి ‘చెడ్డది’ అంటాం. వానాకాలంలో అదే గోతిలో నీరు కుండలో పోసినట్లు నిలుస్తుంది.

కారణం మాంట్‌మొరిల్లనైట్ అనే బంకమట్టి ఖనిజం. దాని పలుచని పొరల మధ్యకు నీరు చేరితే నేల ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఇంటి మధ్యన కప్పు కింద నేల తేమ అంతగా మారదు. అంచుల్లో మాత్రం ఏటా తడిసి ఆరుతుంది. ఒకే ఇంటి కింద నేల రెండు రకాలుగా కదలడంతో గోడలు బీటలిస్తాయి. గోడవారనే పూలపాదులు తీసి రోజూ నీళ్లు పెట్టినా, నీటిని బాగా పీల్చే చెట్టును దగ్గర్లో పెంచినా ఇదే జరుగుతుంది.

పునాది మేర నల్లమట్టి తీసేసి మొరం తోలించడం మనవాళ్లు చేసే పని. 1947లో ఏర్పడి రూర్కీలో పనిచేస్తున్న కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇంకో దారి చూపింది. తేమ పెద్దగా మారని లోతు దాకా సన్నని గొయ్యి తొలిచి, అడుగున దాన్ని ఉల్లిగడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. పైన నేల కదిలినా ఆ గడ్డ పట్టుకుని ఉంటుంది. తవ్వితీసిన నల్లమట్టిని లారీకెక్కించి పంపెయ్యకండి. గోడకు దూరంగా పెరట్లో పరిస్తే తేమ నిలిపే మంచి మడి అవుతుంది.

మీ ఊళ్లో ఈ రెండు పరీక్షలూ మే నెలలో ఒకసారి, ఆగస్టులో మరోసారి ఒకేచోట చేసి, ఫలితాలను నోటుపుస్తకంలో పక్కపక్కన రాయండి. పని కాగానే గొయ్యి పూడ్చడం మరవకండి, పశువులు తిరిగే చోటు.