పాప నొక్కిన మీట

మా కోడలు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. "అసలు నువ్వు చేసే పనేమిటే అమ్మాయీ?" అని ఓసారి అడిగాను.

"ఏం లేదత్తయ్యా, ఇంకొకరు రాసిన ప్రోగ్రాముని ఎన్నిరకాలుగా చెడగొట్టచ్చో చూడ్డం" అంది.

నాకు నవ్వొచ్చింది. మా నాలుగేళ్ల మనవడు జీతం లేకుండానే రోజూ చేస్తున్న పనే కదా అది! అప్పుడు తను చెప్పిందీ కథ.

1960ల్లో చంద్రుడి మీదికి మనిషిని పంపాలని అమెరికా దేశం పట్టుబట్టి కూర్చుంది. అపోలో నౌకలో ఉండే కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాసే పని ఎం.ఐ.టి. ప్రయోగశాలకి అప్పగించారు. అక్కడ ఆ పనికి నాయకత్వం వహించిన మార్గరెట్ హామిల్టన్ ఓ పసిపిల్ల తల్లి. రాత్రిళ్లూ, శనాదివారాలూ పాపని వెంటబెట్టుకునే పనికి వెళ్లేవారు.

నౌకని ఆకాశంలోకి పంపకుండానే, పంపినట్టు నడిపించి పరీక్షించే నమూనా యంత్రం అక్కడుండేది. ఓరోజు పాప వ్యోమగామి ఆట ఆడుతూ ఏవో మీటలు నొక్కింది. అంతే, యంత్రం ఆగి కూచుంది! తీరా చూస్తే, ప్రయాణం మధ్యలో ఉండగా, బయల్దేరకముందు వాడాల్సిన పి-01 అనే ప్రోగ్రాముని పిలిచేసింది.

మనమైతే పిల్లని రెండు కసిరి అవతల కూర్చోబెడతాం. ఆవిడ మాత్రం, 'రేపు వ్యోమగామే ఇలా నొక్కితే?' అని ఆలోచనలో పడ్డారు. దానికో అడ్డుకట్ట రాస్తానన్నారు. పైవాళ్లు ఒప్పుకోలేదు. వ్యోమగాములకి అంత శిక్షణ ఇచ్చాక అలాంటి పొరపాటు జరగదని వాళ్ల ధీమా.

1968 డిసెంబరులో అపోలో 8 ముగ్గురితో చంద్రుణ్ణి చుట్టి తిరిగొస్తోంది. ఎంతో అనుభవమున్న జిమ్ లోవెల్ పొరపాటున ఆ పి-01నే నొక్కారు. నౌక ఇంకా భూమ్మీదే ఉందనుకుంది కంప్యూటర్! దిక్కుల లెక్క తప్పిపోయింది. పాపం, ఆయన రిగెల్, సిరియస్ నక్షత్రాలను గురిచూసి మళ్లీ లెక్క సరిచేసుకున్నారు. ముగ్గురూ క్షేమంగా దిగారు. ఆ తర్వాతగానీ అడ్డుకట్టకి అనుమతి రాలేదు.

ఇంకో ముచ్చట. ఆ ప్రోగ్రాములను ఫ్యాక్టరీలో ఆడవాళ్లు సన్నటి రాగితీగలతో అక్షరాలా నేసేవారట. చిన్న అయస్కాంతపు రింగులోంచి తీగ వెళితే ఒకటి, పక్కనుంచి వెళితే సున్నా. నేశాక తప్పు దొరికితే విప్పడం మహాకష్టం. అందుకే ముందు ఒక్కో ముక్కనీ విడిగా, తర్వాత అన్నిటినీ కలిపి పరీక్షించేవారు.

"ఇప్పుడు పొరపాటున నొక్కే పాపతో పాటు, కావాలని నొక్కే దొంగ కోసం కూడా చూడాలత్తయ్యా. దొంగలా మేమే ముందు తాళం తీసి చూస్తాం" అంది కోడలు.

వేడి పాలగిన్నెని గట్టు అంచున పెట్టకూడదని తల్లికి ఎవరూ నేర్పరు. 'ఎవరూ అలా చెయ్యర్లే' అన్న మాటని ఆవిడ నమ్మదు, అంతే. అపోలోకి పనికొచ్చింది కూడా ఆ అపనమ్మకమే.

మొన్న మావాడు నా ఫోనులో ఏదో నొక్కి అక్షరాలన్నీ మాయం చేశాడు. కసరబోయి ఆగి, "ఏం నొక్కావురా నాన్నా, మళ్లీ ఓసారి నొక్కి చూపించు" అన్నాను.