సూరతు కోఠీలో క్రైస్తవాచరణము: ఎదుటివారి సాక్ష్యము

ఒక మతము నవలంబించినవాడు దానిని తన వృత్తియందు ఎంతవరకు పాటించెనని నిర్ణయింపబూనిన చరిత్రకారుడు, సాధారణముగా ఆ మతస్థులే వ్రాసికొనిన నియమావళులను, ప్రార్థనాక్రమములను, గురువుల లేఖలను ముందిడుకొనును. అవి సులభముగా లభించును. వాని ప్రధానగుణము నదియే. సూరతు విషయమున మాత్రము మనకు వేరొక సాక్ష్యము గలదు. అది బేరమాడుటకు ఎదుట నిలిచిన వర్తకుని సాక్ష్యము.

1612లో సువాలి రేవుకడ పోర్చుగీసు నౌకల నెదిర్చి నిలిచిన పిమ్మట, మరుసటి యేట ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ సూరతులో స్థిరమైన కోఠీని నెలకొల్పెను. మన మచిలీపట్నమున వారు 1611లోనే దిగియుండినను, మొగలు సామ్రాజ్యమునకు సముద్రద్వారమైన సూరతే వారికి చిరకాలము ముఖ్యస్థానమై వెలసెను. అచటి ఉద్యోగులకు పనియు, భోజనమును, నిద్రయు, ప్రార్థనయు ఒకే కప్పుక్రింద జరుగుచుండెను. 1696లో వెలువడిన ఓవింగ్టన్ యాత్రాగ్రంథమును చదివినవారికి, కంపెనీ జీతముపై నియమితుడైన గురువునకు భోజనపంక్తిలో ఎట్టి గౌరవస్థానముండెనో, ప్రార్థన కోఠీ దినచర్యలో నెట్లు భాగమై యుండెనో తెలియగలదు.

ఈ క్రమశిక్షణను శాసనరూపమునకు తెచ్చినవాడు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్. ఇతడు 1656లో బాలుడుగా సూరతు చేరి, కోఠీలోనే పెరిగి, 1670లో మరాఠాల రెండవ దాడినాడు దానిని కాపాడినవాడు. అనంతరము మద్రాసు గవర్నరై 1680లో సెయింట్ మేరీస్ చర్చి నిర్మాణమును పూర్తిచేయించినవాడు. 1679లో మచిలీపట్నము, మాధవాయిపాలెము కోఠీలను తనిఖీ చేసి బంగాళమునకేగిన యితడు, హుగ్లీలో ఉద్యోగుల నడవడికి నియమములను విధించెను. ఒట్టు పెట్టుటకు, త్రాగి తూలుటకు, ప్రార్థనకు రాకుండుటకు, ప్రొద్దుపోయిన పిదప వెలుపల తిరుగుటకు జరిమానా. ఆ సొమ్ము పేదలకు. ఉద్దేశ్యము మంచిదే. కాని యివి యన్నియు గృహమర్యాదను గూర్చినవి. ఇట్టి విధులలో భక్తి హాజరుపట్టీ యగుటకు ఎంతో కాలము పట్టదు.

కోఠీ వెలుపల జరిగినదేమి? 1616లో ఈ దేశమునకు వచ్చి రాయబారి సర్ థామస్ రో కొలువున గురువుగా చేరిన ఎడ్వర్డ్ టెర్రీ, 1655లో ప్రకటించిన తన గ్రంథమున దీనికి మొగమాటము లేని యుత్తరము నిచ్చినాడు. నౌకలు దిగు రేవు చెంత నివసించు జనులు వచ్చీరాని ఆంగ్లమున క్రైస్తవులను త్రాగుబోతులనియు, కొట్టుదురనియు, తిట్టుదురనియు నిందించుచుండగా తాను వింటినని యతడు వ్రాసెను. అంతకంటె తీక్ష్ణమైనది అంగడిమాట: చెప్పిన వెలకు మిక్కిలి తక్కువగా నడిగినచో, మోసము చేయుటకు నేనేమి క్రైస్తవుడనా యని అమ్మకందారు ప్రశ్నించునట! టెర్రీ ఉపదేశకుడు, దాదాపు నాలుగు దశాబ్దముల పిమ్మట స్వదేశీయులను సిగ్గుపరచుటకై వ్రాసినవాడు గనుక మాటకు పదును పెట్టియుండవచ్చును. అయినను తన మతమునకే అపకీర్తి తెచ్చు ప్రసంగమును గురువు కల్పించుట సంభావ్యముగా దోచదు.

ఈ అపకీర్తికి కారణము వ్యక్తుల దౌష్ట్యమునందే వెదకరాదు. కంపెనీ యిచ్చు జీతము స్వల్పము. ఉద్యోగి తన భాగ్యమును సొంతవ్యాపారమునందు వెదకికొనవలసియుండెను. ఉదయము ప్రార్థనకు జోడించిన చేతులే మధ్యాహ్నము యజమాని పద్దును, తమ పద్దును ప్రక్కప్రక్కనే వ్రాయుచుండగా, ధర్మసందేహము పుట్టకుండుటే వింత. గురువులందరును దీనిని చూచి ఊరకుండిరనుట న్యాయము కాదు. సూరతు గురువైన హెన్రీ లార్డ్ బనియాలను, పారసీకులను వారి ధర్మములను గూర్చి శ్రద్ధతో నడిగి తెలిసికొని 1630లో పుస్తకము ప్రచురించెను. పొరుగువానిని వినుటయు ఒక ఆచరణమే గదా!

1664 జనవరిలో శివాజీ సూరతును దోచినపుడు, మతము నడవడిలో ఎంతవరకు కనబడెనను ఈ ప్రశ్నకు విచిత్రమైన పరీక్ష జరిగినది. ఫ్రెంచి వైద్యుడు బెర్నియే కథనము ప్రకారము, కాపుచిన్ సన్యాసి ఆంబ్రోజ్ నివాసమును శివాజీ ముట్టనీయలేదు. ఆ గురువులు మంచివారని యతడు వినియుండెనట. డచ్చివారి దలాలు ఒకని యిల్లును కూడ, అప్పటికి మృతుడైన ఆ గృహస్థు జీవితకాలమున గొప్ప దాతయని తెలిసి, విడిచిపెట్టెను. బెర్నియే ఆనాడు సూరతులో లేడు, విన్నదే వ్రాసెను. కాని ఇచట మనకు కావలసినది జనశ్రుతియే. దలాలు క్రైస్తవుడు కాడు. అయినను సన్యాసితో సమానముగా అతనికిని నడవడియే రక్షయైనది. ఆంగ్లేయుల, డచ్చివారల కోఠీలు కూడ నిలిచినవి. దానికి బెర్నియే చెప్పిన హేతువు గౌరవము కాదు. ఆంగ్లేయుల ప్రెసిడెంటు జార్జి ఆక్సెండెనును, ఆయన యనుచరులును, డచ్చివారును ఆయుధములు పట్టి గట్టిగా ఎదిరించుటయే.