పొగరాని పొయ్యి: వంటింటి ఇంధన పొదుపుకు సర్కారు సాయం, ఏడు దశాబ్దాల చరిత్ర

ఇళ్లలో ఇంధనాన్ని పొదుపు చేయించడానికి ప్రభుత్వాలు ఇచ్చే ధనసహాయం శీతల దేశాల్లో ప్రధానంగా గోడలకు, పైకప్పులకు, కిటికీలకు అందింది. అక్కడి ఇళ్లలో ఎక్కువ ఇంధనం గదులను వెచ్చగా ఉంచడానికే ఖర్చవుతుంది కనుక అది సహజమే. భారతదేశంలో, అందులోనూ తెలుగు పల్లెల్లో, ఇంటి ఇంధనంలో అధికభాగం వంటకే పోయేది కాబట్టి ఇటువంటి సాయం ఇక్కడ పొయ్యి దగ్గర మొదలైంది. ఏడు దశాబ్దాలకు పైబడిన ఆ చరిత్రను వరుసగా పరిశీలిస్తే ఒక విషయం స్పష్టపడుతుంది: సర్కారు సొమ్ము చాలాకాలం కొత్త పొయ్యిని ఇంటికి చేర్చడంతోనే ఆగిపోయింది, ఆ పొయ్యి రోజూ వెలగడానికీ, పాడైతే బాగుపడడానికీ కావలసిన సాయం ఎంతో ఆలస్యంగా అందింది. ఆ ఆలస్యపు భారాన్ని మోసినవారు వంట చేసే ఆడవాళ్లు.

సంప్రదాయ పొయ్యి అంటే మూడు రాళ్లు, లేదా మట్టితో మూడువైపులా కట్టి ఒకవైపు తెరిచి ఉంచిన చిన్న గోడ. పైసా ఖర్చు లేకుండా ఇల్లాలే దాన్ని కట్టుకుంటుంది, పండుగలకు అలికి ముగ్గు పెడుతుంది. కందికట్టె, పత్తికట్టె, తాటిమట్టలు, పిడకలు, సర్కారు తుమ్మ కంప, ఏది దొరికితే అది అందులో మండుతుంది, ఏ కొలత గిన్నె అయినా దానిమీద కూర్చుంటుంది. ఇన్ని సదుపాయాలున్న ఆ పొయ్యికి రెండు పెద్ద లోపాలున్నాయి. మొదటిది ఉష్ణ సామర్థ్యం, అంటే మండిన ఇంధనంలోని వేడిలో గిన్నెలోని పదార్థానికి చేరే భాగం. మూడు రాళ్ల పొయ్యిలో ఇది సుమారు 10 శాతమే, తక్కిన వేడి మంట పక్కలనుంచి గాలిలో కలిసిపోతుంది. రెండవది పొగ: గాలి సరిగా అందక పూర్తిగా మండని కట్టె మసిగా, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా మారి వంటిల్లంతా నిండుతుంది, ఊదుగొట్టంతో మంటను ఊదే మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

ఈ లోపాలను సరిదిద్దే ప్రయత్నాలు స్వాతంత్ర్యం నాటికే మొదలయ్యాయి. గాంధీజీ ప్రేరణతో 1934లో ఏర్పడి, జె.సి. కుమారప్ప కార్యదర్శిగా వార్ధాలోని మగన్‌వాడీ కేంద్రంగా పనిచేసిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం 1947లో మగన్ చూలా అనే పొగగొట్టపు పొయ్యిని ప్రచారంలోకి తెచ్చింది. ఆ తరువాతి ప్రధాన ఘట్టం, తదనంతరం తెలుగువారి రాజధాని అయిన నగరంలోనే జరిగింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు రూపొందించిన పొయ్యి ఆ సంస్థ పేరులోని తొలి అక్షరాలతో హెర్ల్ చూలాగా దేశమంతటా పేరు పొందింది. లక్షలాది ప్రజలకు పొగలేని వంటిళ్లు అందాలన్న ఆశయాన్ని పేరులోనే ప్రకటిస్తూ ఆయన రాసిన ఆంగ్ల పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం గ్రామసేవకుల, గ్రామసేవికల ద్వారా మరుగుదొడ్డితో పాటు, ఇంకుడుగుంతతో పాటు పొగరాని పొయ్యిని కూడా పల్లెకు పరిచయం చేసింది.

ఈ రకపు పొయ్యి నిర్మాణాన్ని కాస్త దగ్గరగా చూస్తేనే దాని తరువాతి కథ అర్థమవుతుంది. మట్టిలో పొట్టు, పేడ కలిపి బాగా తొక్కి దిమ్మె కట్టి, దాని లోపల వేడిగాలి నడిచే దారి తొలుస్తారు. ఆ దారిపైన రెండు మూడు కుండలకు సరిపడే కన్నాలు వరుసగా చేస్తారు. మంట మొదటి కన్నం కిందే ఉంటుంది. అక్కడినుంచి వేడిగాలి రెండవ కుండను, మూడవ కుండను తాకుతూ పోయి, చివరన కప్పు దాటి నిలబడిన గొట్టంలోంచి పొగగా బయటపడుతుంది. గొట్టం ఎక్కువగా లాగితే వేడి కుండలకు అందకుండానే పారిపోతుంది, తక్కువ లాగితే పొగ వెనక్కి తిరుగుతుంది. అందుకని దారికి అడ్డంగా ఒక రేకు పలకను అమర్చి, దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ గాలిని అదుపు చేస్తారు. కుండలు కన్నాల్లో బిగుతుగా కూర్చోవాలి, లేకపోతే సందుల్లోంచి వేడీ పొగా కూడా బయటికి వస్తాయి.

సమస్యంతా ఈ బిగువు దగ్గరే వచ్చింది. ఇంట్లో పెద్ద సంసారానికి అన్నం వండే గుండిగ ఒక కొలతలో, పప్పు గిన్నె మరో కొలతలో, రొట్టెలు కాల్చే పెనం ఇంకో కొలతలో ఉంటాయి. కన్నాలు మాత్రం కట్టిన మనిషి ఎంచుకున్న కొలతలోనే ఉండిపోతాయి. కట్టెలు పెట్టే నోరు చిన్నగా ఉండటంతో లావుపాటి మొద్దులను సన్నగా చీల్చుకోవలసి వచ్చేది. గొడ్డలిపని అదనంగా మీదపడిన ఇల్లాలు పారతో ఆ నోటిని వెడల్పు చేసుకునేది, దానితో ఇంజనీరు లెక్కకట్టిన పొదుపు అక్కడే తుడిచిపెట్టుకుపోయేది. గొట్టంలో మసి పేరుకుంటే దులపాలి. తాటాకు కప్పు ఇళ్లలో గొట్టం వేడికీ, అందులోంచి లేచే నిప్పురవ్వకూ భయపడాలి. కప్పుకు పెట్టిన కంతలోంచి వానాకాలం నీళ్లు కారుతాయి. ఇవన్నీ చిన్న మరమ్మతులే అయినా వాటిని చేసిపెట్టే మనిషి గానీ, వాటికయ్యే ఖర్చు గానీ ఏ పథకంలోనూ లేవు.

1973 నాటి చమురు సంక్షోభం తరువాత ఈ విషయం కొత్త ప్రాధాన్యం సంతరించుకుంది. పేద దేశాల ప్రజలకు అసలు సంక్షోభం వంటచెరకుదేనని పరిశోధకుడు ఎరిక్ ఎక్హోమ్ 1975లో వాదించడంతో, అడవుల నరికివేతకు పల్లె పొయ్యి కారణమన్న అభిప్రాయం బలపడింది. కేంద్రంలో 1982లో సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగం ఏర్పడింది. 1983లో జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమానికి నాంది పడింది. స్థిరంగా కట్టే మట్టి పొయ్యికి కనీసం 20 శాతం, చేత్తో ఎత్తి పెట్టుకోగల లోహపు పొయ్యికి కనీసం 25 శాతం ఉష్ణ సామర్థ్యం ఉండాలని నిర్ణయించి, పొయ్యి ఖర్చులో సగమో అంతకు మించో రాయితీగా, అంటే తిరిగి కట్టనవసరం లేని సాయంగా ఇచ్చారు. శిక్షణ పొందిన స్వయం ఉపాధి కార్మికులు పొయ్యికి ఇంత అని కూలి పుచ్చుకుని ఊరూరా కట్టారు. 2002లో కేంద్రం ఈ కార్యక్రమాన్ని ముగించేనాటికి దేశంలో సుమారు 3.5 కోట్ల పొయ్యిలు ఏర్పాటైనట్టు లెక్క తేలింది.

అంకె పెద్దదే, కాని అది కట్టిన పొయ్యిల లెక్కే తప్ప వెలుగుతున్న పొయ్యిల లెక్క కాదు. ఢిల్లీలో నిర్ణయమైన లక్ష్యాలు రాష్ట్రానికీ, అక్కడినుంచి జిల్లాకూ పంపకమయ్యేవి. కార్మికుడికి కూలి ముట్టేది కొత్త పొయ్యి కట్టినందుకే కాబట్టి పాత పొయ్యిని చూడవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. మట్టి పొయ్యి ఆయుష్షు రెండేళ్లే అనుకున్నా, ఆ గడువు తీరాక ఇల్లాలు మళ్లీ తనకు చేతనైన మూడు రాళ్ల పొయ్యి వైపే మళ్లేది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్, హర్యానా, పశ్చిమ బెంగాల్ అనుభవాలను పక్కపక్కన పెట్టి చూసిన ప్రపంచ బ్యాంకు అధ్యయనం కూడా, వాడేవారి అవసరాలను అడిగి తెలుసుకున్న చోట, మరమ్మతు చేసే మనిషి అందుబాటులో ఉన్న చోట మాత్రమే పొయ్యి నిలిచిందని తేల్చింది.

మరో దారి ఉందని ఆ కాలంలోనే కొందరు చూపించారు. చండీగఢ్ సమీపంలోని నాడా గ్రామంలో మధు సరిన్ స్థానిక స్త్రీలతో కలిసి, ఇంటి గిన్నెలను బట్టి, ఇంటి వంటను బట్టి కొలతలు మార్చుకునే పొయ్యిని తయారుచేయించి, కట్టే పనిని కూడా స్త్రీలకే నేర్పించారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎ.కె.ఎన్. రెడ్డి 1974లో నెలకొల్పిన ఆస్ట్రా బృందం, కట్టెల కింద జల్లెడ వంటి ఇనుప చట్రం పెట్టి, లోపలికి వెళ్లే గాలిని కట్టుదిట్టం చేసి రూపొందించిన ఆస్ట్రా ఒలె అనే పొయ్యిలో 40 శాతం దాకా సామర్థ్యం సాధ్యమని ప్రయోగశాలలో నిరూపించింది. కట్టెల పొయ్యిలో శాస్త్రీయంగా మెరుగుదలకు చోటుందనీ, దాన్ని వాడే చేతుల్లోనే దాని నిర్మాణం కూడా ఉంటే అది బతుకుతుందనీ ఈ రెండు ప్రయత్నాలు కలిసి రుజువు చేశాయి. జాతీయ కార్యక్రమం మొదటి పాఠాన్ని కొంత స్వీకరించింది గాని రెండవదాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఇదే సమయంలో సాయానికి చూపే కారణం కూడా మెల్లగా మారసాగింది. పరిశోధకుడు కిర్క్ స్మిత్ బృందం గుజరాత్ పల్లెల్లో వంట చేసే స్త్రీలు పీల్చే గాలిని వారివద్దనే పరికరాలుంచి కొలిచి 1983లో ఫలితాలు ప్రకటించిన తరువాత, పొయ్యి అడవి సమస్యగా మాత్రమే కాక ఆరోగ్య సమస్యగా కూడా గుర్తింపు పొందింది. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులకు, పసిపిల్లల న్యుమోనియాకు, కంటిశుక్లాలకు వంటింటి పొగతో ఉన్న సంబంధం క్రమంగా బయటపడింది. దశాబ్దాల తరువాత ఒడిశా పల్లెల్లో ఆర్థికవేత్తలు ఎస్తేర్ డ్యూఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రేమా హన్నా నాలుగేళ్లపాటు చేసిన పరిశీలనలో, మెరుగైన పొయ్యి కట్టిన తొలి ఏడాది పొగ తగ్గినా, మరమ్మతు కరువై, వాడకం తగ్గి, తరువాతి ఏళ్లలో ఆ మేలు మిగలలేదని తేలింది. ప్రయోగశాలలో నెగ్గిన పొయ్యి వంటింట్లో ఓడిపోవడానికి కారణం దాని నమూనాలో కన్నా, దాన్ని ఇచ్చి వదిలేసిన పద్ధతిలో ఉంది.

కట్టెల పొయ్యిని బాగుచేయడం కన్నా కట్టెనే మాన్పించడం మేలన్న ఆలోచన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకంగా రూపుదిద్దుకుంది. గ్యాస్ పొయ్యి ఉష్ణ సామర్థ్యం 60 శాతానికి పైమాటే కాబట్టి అదే వంటకు ఎంతో తక్కువ ఇంధనం సరిపోతుంది, పొగ బెడద దాదాపు ఉండదు. డ్వాక్రా సంఘాల్లో సభ్యులైన పేద మహిళల పేరిట కనెక్షన్ ఇచ్చి, సిలిండరుకు కట్టవలసిన 1,000 రూపాయల డిపాజిట్టును రాష్ట్ర ప్రభుత్వమే భరించింది. స్టవ్వు, గొట్టం, మొదటి సిలిండరు ఖర్చు లబ్ధిదారు పెట్టుకోవాలి. లక్షల ఇళ్లకు తొలిసారి గ్యాస్ చేరింది, అదీ ఆడవాళ్ల పేరుమీద చేరింది. దేశంలోనే ముందువరుసలో నిలిచిన ఈ ఘనతను తక్కువ చేయడం తగదు. అయితే గ్యాస్ బండ ఖాళీ అయినప్పుడు ఒక్కసారిగా వందల రూపాయలు తీయవలసి రావడం కూలిడబ్బులతో నడిచే ఇంటికి కష్టం. అందుకే టీ కాచడానికి, చుట్టాలు వచ్చినప్పుడు, ముసురు పట్టి కట్టెలు తడిసినప్పుడు గ్యాస్ వెలిగించి, అన్నానికీ స్నానాల నీళ్లకూ కట్టెల పొయ్యినే నమ్ముకున్నారు.

ఇంటి ఇంధన పొదుపులో త్వరగా ఫలించిన సాయం ఏదని చూస్తే అది విద్యుద్దీపాలది. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకం కింద ప్రభుత్వరంగ సంస్థల భాగస్వామ్యంతో ఏర్పడిన ఈఈఎస్‌ఎల్ ఎల్ఈడీ బల్బులను కోట్ల సంఖ్యలో ఒక్కచోట కొనడంతో, 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు పడిపోయింది. పాత బల్బు తీసి అదే హోల్డరులో కొత్తది బిగిస్తే పని ముగుస్తుంది, అలవాటు మారనక్కరలేదు, నెల బిల్లు తగ్గుతుంది. పొయ్యి విషయంలో ఈ మూడూ ఎదురుతిరిగాయి: వంట పద్ధతి మారాలి, తరచూ మరమ్మతు కావాలి, గ్యాస్ అయితే నెలనెలా చేతిలోంచి డబ్బు పోవాలి.

2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో మొదలైన ప్రధానమంత్రి ఉజ్వల యోజన దీపం పద్ధతినే దేశానికి విస్తరించింది. కనెక్షన్‌కు 1,600 రూపాయల సాయం అందించి 2019 సెప్టెంబరుకల్లా 8 కోట్ల ఇళ్లకు చేరింది. అయినా కనెక్షన్ పొంది ఏడాది దాటిన లబ్ధిదారులు సగటున సంవత్సరానికి 3.21 సిలిండర్లే తీసుకున్నారని 2019లో కాగ్ (ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ) నివేదిక వెల్లడించినప్పుడు, దీపం నేర్పిన పాఠమే పెద్ద అక్షరాలతో ఎదుట నిలిచింది. 2022 మేలో ఉజ్వల ఇళ్లకు సిలిండరుకు 200 రూపాయలు, 2023 అక్టోబరులో 300 రూపాయలు ఇవ్వడం మొదలైంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో 500 రూపాయల సిలిండరు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభమైన దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చాయి. సాయం కనెక్షన్‌ను దాటి వాడకం దాకా రావడం ఈ చరిత్రలో నిజమైన మలుపు. అయితే తెలంగాణలో గత మూడేళ్ల సగటు వాడకాన్ని ప్రాతిపదికగా తీసుకోవడం వల్ల డబ్బులేక తక్కువ వాడిన ఇంటికి తక్కువ సాయమే దక్కుతుంది; దీపం-2 ఆరంభంలో ముందు సొమ్ము కట్టి తరువాత ఖాతాలో జమకోసం చూడవలసి రావడం కూడా చేతిలో డబ్బు లేని ఇంటికి అడ్డంకే.

2023 నవంబరులో ఈఈఎస్‌ఎల్ 20 లక్షల ఇండక్షన్ స్టవ్వుల పంపిణీకి కార్యక్రమాన్ని ప్రకటించడంతో పొయ్యి మరోసారి మారబోతున్నది. కరెంటుతో నడిచే ఈ పొయ్యికి అడుగు చదునుగా ఉన్న, అయస్కాంతానికి అంటుకునే గిన్నెలు కావాలి, వంట వేళకు నిలకడైన కరెంటు కావాలి, పాడైతే బాగుచేసే మెకానిక్ మండల కేంద్రంలోనైనా ఉండాలి. మట్టి పొయ్యి కన్నానికి కుండ సరిపోకపోవడం, గొట్టానికి మసి పట్టడం, ఖాళీ బండ మూలన పడి ఉండటం చూసిన తరువాత కూడా గిన్నెలకూ, కరెంటుకూ, మరమ్మతుకూ బడ్జెట్‌లో చోటు కల్పించకుండా స్టవ్వుల సంఖ్యనే విజయంగా చాటుకుంటే, అది తెలిసీ చేసిన తప్పే అవుతుంది. పంచిన రోజు లెక్కతో పాటు మూడేళ్ల తరువాత ఇంటింటికీ వెళ్లి, వంట చేసే మనిషిని అడిగి తీసిన లెక్కను కూడా సాయం విడుదలకు షరతు చేయడమే ఈ ఏడు దశాబ్దాల అనుభవం ప్రభుత్వాలకు చెబుతున్న మాట.