పాత కార్ల అమ్మకాల నియంత్రణ, మీటర్ మోసం (హైదరాబాద్)

పాత కార్లు కొని అమ్మే దుకాణాన్ని హైదరాబాద్‌లో కన్సల్టెన్సీ అంటారు. అడిక్‌మెట్, రాంనగర్, చిక్కడపల్లి వైపు మధ్యతరగతి ఇంట్లోకి వచ్చే మొదటి కారు చాలాసార్లు సెకండ్ హ్యాండ్‌దే. బేరమంతా మూడింటి మీద నడుస్తుంది: ఏ సంవత్సరం మోడల్, ఎన్నో ఓనర్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది. మొదటి రెండూ ఆర్‌సీలో ఉంటాయి. మూడోదానికి మీటరే సాక్షి. దాన్ని వెనక్కి తిప్పి ఎక్కువ ధర రాబట్టడమే మీటర్ మోసం.

కేబుల్ మీటర్ల కాలంలో డాష్‌బోర్డ్ విప్పి అంకెల చక్రాలను చేత్తో వెనక్కి జరిపేవారు. అంకెలు ఒక వరుసలో నిలవకపోతే కొనేవాడికి అనుమానం వచ్చేది. డిజిటల్ మీటర్లు వచ్చాక ఆ ఆనవాలు కూడా లేదు. ఓబీడీ పోర్టుకు పరికరం తగిలించో, మీటర్‌లోని మెమరీ చిప్‌ను తిరగరాసో కోరుకున్న అంకె ఎక్కిస్తారు. అయితే చాలా కార్లలో ఇదే లెక్క మరో కంప్యూటర్ యూనిట్‌లోనూ ఉంటుంది. దాన్ని మార్చడం మరిచిపోతే సర్వీస్ సెంటర్ స్కానర్‌లో దొరికిపోతుంది.

1989 జూలై 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం (1988) 50వ సెక్షన్‌లో యాజమాన్య బదిలీ గురించి చెప్పింది. బండి అదే రాష్ట్రంలో చేతులు మారితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్‌టీఏకు తెలపాలి. మధ్యలో ఉండే కన్సల్టెన్సీ ప్రస్తావన అందులో లేదు. దాంతో ఓపెన్ ట్రాన్స్‌ఫర్ అలవాటు పాతుకుపోయింది: కొనేవారి పేరు రాయని 29, 30 ఫారాల మీద ఓనర్ సంతకం తీసుకోవడం, బండిని చేతులు మార్చుకుంటూ పోవడం. చలాన్లు పాత ఓనర్ పేరిటే వచ్చేవి. అలా చేతులు మారిన ఒక కారు ప్రమాదం చేసిన కేసులో, పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న తేల్చింది. కారు అమ్మేసి నిశ్చింతగా ఉన్నవారికి అది గట్టి దెబ్బ.

కేంద్రం 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్‌కు ఆర్‌టీఏ నుంచి ఐదేళ్ల అనుమతి పత్రం తప్పనిసరి. ఓనర్ బండి అప్పగించగానే ఫారం 29సి ద్వారా తెలపాలి. అక్కడి నుంచి డీలరే యజమాని కింద లెక్క. బండిని టెస్ట్ డ్రైవ్, మరమ్మతు వంటి పనులకే బయటకు తీయాలి. ప్రతి ట్రిప్పూ ఎవరు నడిపారు, ఎందుకు, ఎంత దూరం అన్నది ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో రాయాలి.

ఇది మంచి నిబంధనే, కానీ బండి డీలర్ దగ్గర ఉన్న రోజులకే పరిమితం. అంతకుముందు తిరిగిన లెక్క ఏ ప్రభుత్వ రికార్డులోనూ లేదు. ప్రైవేటు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆలోగా ప్రభుత్వం తరఫున ఏటా మీటర్ చూసి రాసుకునేవారు లేరు. మీటర్ తిప్పడాన్ని పేరుపెట్టి శిక్షించే సెక్షన్ కూడా మోటారు వాహనాల చట్టంలో లేదు. మోసం కింద భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షనే దిక్కు. పైగా దేశవ్యాప్త 'వాహన్' డేటాబేస్‌లో చేరకుండా తెలంగాణ ఏళ్ల తరబడి సొంత వ్యవస్థనే నడుపుకుంది. వేరే రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ మీద వచ్చిన బండి చరిత్ర తెలుసుకోవడం అందుకే మరింత కష్టమైంది.

అమెరికా 1972లోనే మీటర్ తిప్పడాన్ని ఫెడరల్ చట్టంతో నిషేధించింది. బెల్జియం 2006లో కార్‌పాస్ తెచ్చింది. అక్కడ గ్యారేజీలు పని చేసిన ప్రతిసారీ మీటర్ అంకెను ఉమ్మడి రికార్డుకు పంపాలి, అమ్మేటప్పుడు ఆ పత్రం కొనేవారికి ఇవ్వాలి. మన దగ్గర రావలసింది ఇదే.

అంతవరకు చూసుకోవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 3521 అంటే 2021లో 35వ వారం తయారీ. 2018 మోడల్ కారు 20 వేలే తిరిగిందంటూ నాలుగు టైర్లూ 2021వి కనిపిస్తే కారణం అడగాలి. క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు అరిగి నున్నగా ఉండి మీటర్ మాత్రం తక్కువ చూపితే, కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

మోసపోతే వినియోగదారుల రక్షణ చట్టం (2019) ఉంది. డీలర్ ఏ ఊరివాడైనా కొన్నవారు తాము ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చు. అడిక్‌మెట్ వాసి హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళితే చాలు. చెల్లించిన ధర 50 లక్షల లోపుంటే కేసు జిల్లా కమిషన్ పరిధిలోదే. 5 లక్షల వరకు ఫీజు లేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.