ఖిబ్లా ఎటు? సజ్దా వెనకున్న దిక్కు లెక్క

ఈ ఎపిసోడ్ మసీదుల గురించి. అయితే గుమ్మటాలు, మినార్ల జోలికి వెళ్లను. మసీదు ఎటు తిరిగి ఉండాలో ఎవరు, ఎలా తేల్చారన్నదే ఇవాళ్టి టాపిక్.

అరబ్బీలో 'మస్జిద్' అంటే సజ్దా చేసే చోటు, అంతే. సజ్దా అంటే నుదురు నేలకి ఆనించడం. మన సాష్టాంగంలో ఎనిమిది అంగాలు చెప్తారు కదా, సజ్దాలో ఏడు: ముక్కుతో కలిపి నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు. దీనికి కట్టడమే అక్కర్లేదు. భూమంతా మసీదేనని హదీసులో ఉంది; స్మశానం, స్నానశాల లాంటివి మినహాయింపు. చోటు విషయంలో ఇంత వెసులుబాటు ఉంది గానీ, దిక్కు విషయంలో లేదు. కాబా వైపే తిరగాలి. ఆ దిక్కునే ఖిబ్లా అంటారు.

మొదట్లో అది జెరూసలేం వైపు ఉండేది. 624లో కాబా వైపు మారింది. మదీనాకి జెరూసలేం ఉత్తరాన, మక్కా దక్షిణాన ఉంటాయి కాబట్టి దాదాపు వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఆ సంఘటన పేరు మీద 'రెండు ఖిబ్లాల మసీదు' ఇప్పటికీ మదీనాలో ఉంది.

ఆ తర్వాత వందేళ్లలోనే ఇస్లాం స్పెయిన్ నుంచి సింధు దాకా వెళ్లింది. అంత దూరం నుంచి మక్కా ఎటో ఎలా తెలుస్తుంది? ఎవరి పద్ధతి వాళ్లది. మధ్య ఆసియాలోని సమర్‌ఖండ్‌లో హనఫీలు పడమరకి తిరిగేవారు, మక్కా దారి అటే బయలుదేరుతుంది కాబట్టి. షాఫియీలు దక్షిణానికి, ప్రవక్త మదీనాలో అటే తిరిగారు కాబట్టి. ఒకే ఊళ్లో 90 డిగ్రీల తేడా!

నిజానికి ఇది గోళం మీద త్రికోణమితి లెక్క. 9వ శతాబ్దం నుంచి బాగ్దాద్ ఖగోళవేత్తలు దీని మీద కూర్చున్నారు. అల్ బిరూనీ 1025లో గజనీ ఖిబ్లా తేల్చడానికి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. నాకు మాత్రం 14వ శతాబ్దపు డమాస్కస్ మనిషి అల్ ఖలీలీ అంటే ఇష్టం. మసీదులో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగి ఆయన. అక్షాంశం, రేఖాంశం చూసుకుంటే ఖిబ్లా చెప్పే పట్టిక తయారుచేశాడు. దాదాపు 3,000 అంకెలు, అన్నీ చేత్తో! మేం కోడ్‌లో లుకప్ టేబుల్ అనేది అదే.

మరి లెక్క తేలాక పాత మసీదుల సంగతేంటి? స్పెయిన్‌లో కోర్దోవా మసీదు 785 ప్రాంతంలో మొదలైంది. మక్కా అక్కణ్ణుంచి దాదాపు తూర్పున ఉంటే, మసీదు దక్షిణానికి దగ్గరగా తిరిగి ఉంది. సుమారు 50 డిగ్రీల తేడా. 10వ శతాబ్దంలో ఖలీఫా రెండో అల్ హకమ్ దాన్ని పెంచేటప్పుడు దిక్కు సరిచేద్దామా అన్న చర్చ గట్టిగా నడిచింది. ఖగోళవేత్తలు సరిచేయమన్నారు. తరతరాలుగా పెద్దలు ఇటే సజ్దా చేశారు, అదంతా తప్పంటామా అన్నది అవతలి మాట. చివరికి అల్ హకమ్ పాత దిక్కే ఉంచాడు. ఆయన కట్టించిన మిహ్రాబ్, అంటే ఖిబ్లా గోడలోని గూడు, ఇవాళ్టికీ అటే చూస్తోంది.

సైన్స్ ఓడిపోయిందని దీన్ని చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దూరంగా ఉన్నవాళ్లు కాబాకి గురి చూసినట్టు నిలబడనక్కర్లేదు, ఆ వైపు ఉంటే చాలన్నది హనఫీలతో సహా చాలామంది ధర్మశాస్త్రవేత్తల మాట. లెక్క చేసినవాళ్లకీ ఈ సంగతి తెలుసు. అందుకే ఫోన్‌లో ఖిబ్లా యాప్ తెరిచి, మా ఊరి పాత మసీదు వంకరగా ఉందని గొడవకి దిగేవాళ్లని చూస్తే నాకు కోర్దోవానే గుర్తొస్తుంది.

మన దగ్గర 'పడమరకి నమాజు' అనేస్తాం. హైదరాబాద్ నుంచి లెక్కేస్తే పడమరకి సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా వస్తుంది. యాప్ లేకుండా చూడాలంటే 13వ శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ రాసిన చిట్కా ఉంది. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా కాబా నెత్తి మీదికి వస్తాడు. మే 28 ప్రాంతంలో, మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 2:48కి ఎండలో ఒక కర్ర నిలువుగా పాతండి. నీడ పడిన వైపుకి సరిగ్గా ఎదురు దిక్కే ఖిబ్లా. జులై 16 ప్రాంతంలో ఇంకో ఛాన్స్ ఉంటుంది, కాకపోతే అప్పటికి మనకి మబ్బులు.