పటానికీ సనదు కావాలి

యుద్ధంలో చిక్కుకున్న దేశాన్ని గురించి తెలుసుకోగోరేవారు మొట్టమొదట వెదికేది ఆ దేశపు పటాన్ని. ఒకప్పుడు అటువంటి పటం దొరకడమే కష్టం. నేడు అంతర్జాలంలో కావలసినన్ని ఉన్నాయి. కష్టమంతా దేనిని నమ్మాలన్న దగ్గర వచ్చింది. సిరియా యుద్ధ కాలంలో ఒకే వారంలో వెలువడిన రెండు పటాలలో ఒకే ప్రాంతం రెండు రంగులలో కనిపించేది. అయితే ఈ చిక్కు కొత్తది కాదు. వెయ్యేళ్ళ క్రితం అదే షామ్ దేశంలో జన్మించిన ఒక భూగోళ శాస్త్రజ్ఞుడు దీనిని ఎదుర్కొన్నాడు. ఆయన అనుసరించిన పద్ధతి ఈనాటికీ పనికివస్తుంది.

ఆయన జెరూసలేం నగరంలో పుట్టిన అల్ ముఖద్దసీ. హిజ్రీ 375, అంటే క్రీ.శ. 985 ప్రాంతంలో ఆయన 'అహ్సనుత్తఖాసీమ్' అనే ప్రసిద్ధ భూగోళ గ్రంథాన్ని రచించాడు. తన సమాచారం మూడు విధాలుగా లభించిందని ఆయన స్వయంగా చెప్పుకున్నాడు: కళ్ళారా చూసినది, నమ్మదగినవారి నోట విన్నది, గ్రంథాలలో చదివినది. తాను అడుగుపెట్టని ముస్లిమేతర రాజ్యాలను వర్ణించే పనికి ఆయన పూనుకోలేదు. పటాలలో బాటలకు ఎరుపు, ఇసుక నేలలకు పసుపు, ఉప్పు సముద్రాలకు ఆకుపచ్చ, నదులకు నీలం, కొండలకు ధూళిరంగు వాడాడు.

సముద్రం ఆకారం విషయంలో ఆయనకు సందేహం కలిగింది. పూర్వుల పటాలలో అది ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉంది. ఏడెన్ రేవులో ఉండగా, ఆ సముద్రంపై ఓడలు నడిపిన వర్తకుల పెద్దను ఆయన అడిగాడు. ఆ పెద్ద అరచేతితో ఇసుక చదును చేసి, వంపులతో, పాయలతో సముద్రాన్ని గీసి చూపాడు. అయినా ముఖద్దసీ దానినంతటినీ తన పటంలోకి ఎక్కించలేదు. భేదాభిప్రాయాలున్న వాటిని విడిచి, అందరూ అంగీకరించిన దానినే గీశాడు.

హదీసు పండితుల రీతి కూడా ఇటువంటిదే. మాట ఎంత సొంపుగా ఉన్నా, అది ఎవరి నుండి ఎవరికి అందిందో తెలిపే పరంపర, అనగా సనదు, లేనిదే వారు దానిని స్వీకరించలేదు. పటం కూడా ఒక సాక్ష్యమే. చూసినదెవరు? ఎప్పుడు చూశారు? ఎవరి కోసం గీశారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని పటం, ఎంత అందంగా అచ్చయినా, సనదు లేని మాటతో సమానం.

మూడవ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో సిరియా చరిత్రే నిరూపిస్తుంది. 1915 డిసెంబరులో బ్రిటిషు ప్రతినిధి మార్క్ సైక్స్, అక్కా పేరులోని చివరి అక్షరం నుండి కిర్కూక్ పేరులోని చివరి అక్షరం దాకా ఒక గీత గీయాలని తన ప్రభుత్వ పెద్దలకు సూచించాడు. 1916 మేలో ఆయన, ఫ్రెంచి ప్రతినిధి పికో కలిసి సంతకాలు చేసిన పటంలో ఫ్రాన్సు కోరిన భాగం నీలం, బ్రిటన్ కోరిన భాగం ఎరుపు. ముఖద్దసీ పటంలో రంగు నేల స్వభావాన్ని తెలిపింది. ఈ పటంలో అది పరుల కోరికను తెలిపింది. ఆ నేలపై నివసించే ప్రజలకు ఈ సంగతి 1917 చివర రష్యాలో బోల్షెవిక్కులు ఒప్పందాన్ని బయటపెట్టేదాకా తెలియదు. అయితే నేటి సరిహద్దులన్నీ ఆ గీతలేననడం కూడా సరికాదు. ఆ పటంలో ఫ్రెంచి ప్రాబల్య ప్రాంతంలో ఉన్న మోసుల్ చివరకు ఇరాక్‌లో చేరింది.

ప్రభుత్వాల అధికార పటాలు కూడా ఒకదానితో ఒకటి ఏకీభవించవు. అలెగ్జాండ్రెట్టా జిల్లా 1939లో టర్కీలో కలిసింది. అయినా తర్వాత దశాబ్దాలపాటు సిరియా పటాలు దానిని తమ దేశంలోనే చూపాయి. 1967లో ఇజ్రాయెల్ ఆక్రమించిన గోలాన్ పీఠభూమికి 1981లో తన చట్టాన్ని వర్తింపజేసింది. అది చెల్లదని భద్రతా మండలి 497వ తీర్మానంలో ప్రకటించింది. 2019లో అమెరికా ప్రభుత్వం దానిని గుర్తించింది. కనుక గోలాన్ గీత ఎక్కడ ఉన్నదనేదాన్ని బట్టి పటం గీసినవారి పక్షాన్ని పోల్చుకోవచ్చు. ఊళ్ళ పేర్లూ అంతే. కుర్దులు కొబానీ అనే పట్టణానికి ప్రభుత్వపు పేరు ఐనుల్ అరబ్.

2011 మార్చిలో మొదలైన సంక్షోభం యుద్ధంగా మారాక రంగుల పటాలు వెల్లువెత్తాయి. 2014లో ఐసిస్ విజృంభించినప్పుడు కొన్ని పటాలు తూర్పు ఎడారినంతా ఒకే రంగుతో నింపాయి. మరికొన్ని ఊళ్ళను, వాటిని కలిపే బాటలను మాత్రమే చూపాయి. మొదటివి చూసినవారికి మహా సామ్రాజ్యం కనిపించింది. రెండవవి చూసినవారికి సాలెగూడు కనిపించింది. ఇక కాలం సంగతి. 2024 నవంబరు 27న ఇద్‌లిబ్ నుండి తిరుగుబాటు సేనలు కదిలాయి. డిసెంబరు 8న డమాస్కస్ వారి వశమైంది. ఆ పన్నెండు రోజులలో తేదీ లేని పటం దేనికీ కొరగాకుండా పోయింది.

ఉపగ్రహ చిత్రానికి పక్షపాతం లేదని కొందరంటారు. అది కొంతవరకే నిజం. ఐక్యరాజ్య సమితి ఉపగ్రహ విభాగం సిరియాలోని 18 ప్రాంతాలలో చారిత్రక కట్టడాలను పరిశీలించి, 290 చోట్ల నష్టం జరిగిందనీ, వాటిలో 24 పూర్తిగా ధ్వంసమయ్యాయనీ 2014 డిసెంబరులో తెలిపింది. ఇది విలువైన సాక్ష్యం. కాని పదకొండవ శతాబ్దం నాటి అలెప్పో జామె మసీదు మీనారు 2013 ఏప్రిల్‌లో కూలినప్పుడు ఇరుపక్షాలు నేరాన్ని ఒకరిపై ఒకరు మోపుకున్నాయి. కూలిందని ఆకాశం చెప్పగలదు, కూల్చినదెవరో చెప్పలేదు.

అన్నిటికంటే బాధాకరమైన పాఠం మరొకటి. ఆసుపత్రులపై దాడులు జరగకూడదని వాటి అక్షాంశ రేఖాంశాలను ఐక్యరాజ్య సమితి సేకరించి, యుద్ధంలో ఉన్న సేనలకు తెలియజేసేది. ఆ జాబితాలో ఉన్న కొన్నిటిపై కూడా బాంబులు పడ్డాయి. 2019లో ప్రధాన కార్యదర్శి విచారణ సంఘాన్ని నియమించాడు. తాను పరిశీలించిన దాడులలో కొన్నిటిని ప్రభుత్వమో దాని మిత్రులో చేసి ఉండడానికి ఎంతో అవకాశమున్నదని ఆ సంఘం 2020 ఏప్రిల్‌లో తేల్చింది. ఆ వివరాలు ఇచ్చినది రక్షణ కోసం. వాటిని పుచ్చుకున్న చేతులలో అమానతు లేదు. పటం నిజమైనంత మాత్రాన మేలు చేస్తుందని చెప్పలేము.

కనుక పాఠకులు సిరియా పటాన్ని గాని, నేడు మంటలలో ఉన్న మరే దేశపు పటాన్ని గాని తెరిచినప్పుడు ముందు తేదీ చూడాలి. గీసినవారెవరో, వారికి వార్త ఎవరి ద్వారా అందిందో చూడాలి. సమితి పటాల అడుగున, ఈ సరిహద్దులను తాము ఆమోదించినట్లు భావించరాదన్న హెచ్చరిక ఉంటుంది, దానిని చదవాలి. 2004లో ఆరంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ప్రతి మార్పూ ఎవరి ఖాతా నుండి, ఏనాడు జరిగిందో నమోదై ఉంటుంది. అది ఒక విధమైన సనదు. భిన్న పక్షాల పటాలను పక్కపక్కన పెట్టి, అన్నీ అంగీకరించిన దానిని గ్రహించి, మిగిలినదానిని సందేహంగానే ఉంచుకోవాలి. ఏడెన్ తీరాన ఇసుకలోని గీతను చూసి ముఖద్దసీ చేసినది ఇదే.