ఇంజన్ మానిఫోల్డ్ తయారీ: కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు

ఆలూరు: ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరులను కలిపే 167వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు, ట్రాక్టర్లు, జీపులు తిరుగుతూనే ఉంటాయి. వాటిని బాగుచేసే షెడ్లలో, వెల్డింగ్ షాపుల్లో మన కుటుంబాల వాళ్లు చాలామందే ఉన్నారు. ఉస్తాద్ దగ్గర చేరి, పానాలు అందిస్తూ, చూసి నేర్చుకోవడమే ఇక్కడి చదువు. ఇప్పుడు ఫోన్లో వీడియోలు చూసిన కుర్రాళ్లు కొందరికి ఇంకో కోరిక పుడుతోంది. కారు ఇంజన్‌కు మానిఫోల్డ్ సొంతంగా తయారు చేయాలని.

కోరిక మంచిదే. కానీ వీడియోలో పది నిమిషాల్లో అయిపోయే ఈ పనికి కొలత, ఓపిక, జాగ్రత్త మూడూ కావాలి. దేన్ని తయారు చేయవచ్చు, దేన్ని చేయకూడదు అనే చట్టం కూడా తెలియాలి.

మానిఫోల్డ్ అంటే ఏమిటి?

ఇంజన్‌కు రెండు మానిఫోల్డ్‌లు ఉంటాయి. గాలిని సిలిండర్లకు పంచేది ఇన్‌టేక్ మానిఫోల్డ్. కాలిన పొగను సిలిండర్ల నుంచి తీసుకుని సైలెన్సర్ పైపులోకి పంపేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. కంపెనీ నుంచి వచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చాలా బండ్లలో పోత ఇనుముతో చేసిందే. షెడ్డు భాషలో కాస్టింగ్ అంటారు.

చేత్తో తయారు చేసేదానిలో మూడు భాగాలు. ఇంజన్ హెడ్‌కు బోల్టులతో బిగించే మందపాటి రేకు ఫ్లాంజ్. ఒక్కో సిలిండర్ నుంచి వచ్చే పైపు రన్నర్. అన్ని పైపులూ కలిసేచోటు కలెక్టర్. నాలుగు సిలిండర్ల ఇంజన్లు ఎక్కువగా 1-3-4-2 వరుసలో కాలుతాయి. ఒక సిలిండర్ పొగ ఇంకోదానికి అడ్డం పడకుండా బయటికి పోవాలి కాబట్టి, పైపుల పొడవులు వీలైనంత దగ్గరగా ఉండేలా చూస్తారు.

పని ఏ వరుసలో సాగుతుంది?

మొదటి మెట్టు కొలత. పాత గ్యాస్కెట్‌ను రేకు మీద పెట్టి గీస్తే ఫ్లాంజ్ ఆకారం వస్తుంది. 8 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటు వాడతారు. సన్న రేకు వాడితే వేడికి వంగుతుంది, పొగ లీకవుతుంది.

రెండోది పైపు. మామూలు ఇనుప పైపు, అంటే ఎం.ఎస్., చవక, వెల్డింగ్ సులువు. కానీ తుప్పు పడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే దాని తీరు వేరు. అర మీటరు స్టెయిన్‌లెస్ పైపు 600 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారగానే మళ్లీ కుదించుకుంటుంది. ఆ కదలికకు చోటు లేకపోతే, ఎంత అందంగా వెల్డింగ్ చేసినా కొన్నాళ్లకు అతుకు పక్కనే పగులుతుంది. కొత్తవాళ్ల పని చెడేచోట్లలో ఇదొకటి.

మూడోది కోత, జత. బెండ్ పైపు ముక్కలు కోసి, ఒకదానికొకటి సందు లేకుండా ఆనేలా రాకాలి. వెలుతురు కనిపించేంత సందు ఉంటే అది వెల్డింగ్‌తో పూడ్చేది కాదు, మళ్లీ కోయాల్సిందే. స్పార్క్ ప్లగ్‌కు పానా పడుతుందా, స్టీరింగ్ రాడ్డుకు తగులుతుందా, వైర్లు దగ్గరున్నాయా అన్నది టాక్‌లు మాత్రమే వేసినప్పుడే బండి మీద పెట్టి చూసుకోవాలి. తర్వాత బయటికి తీసి పూర్తి వెల్డింగ్ చేయాలి.

నాలుగోది వెల్డింగ్. ఫ్లాంజ్‌ను మందపాటి ప్లేటుకు గానీ, పనికిరాని పాత హెడ్‌కు గానీ బోల్టులతో బిగించి వెల్డింగ్ చేస్తే వంకర తక్కువ. ఒకేచోట ఏకధాటిగా కాకుండా అటు కొంచెం, ఇటు కొంచెం చేయాలి. స్టెయిన్‌లెస్‌కు ఆర్గాన్ వెల్డింగ్ మేలు. పైపు లోపలికి కూడా ఆర్గాన్ పంపాలి. లేకపోతే లోపలి వైపు అతుకు నల్లగా, గరుకుగా మారి బలం పోతుంది. బయటి నుంచి చూస్తే ఈ లోపం కనిపించదు.

చివరిది పరీక్ష. రంధ్రాలు మూసి, తక్కువ ఒత్తిడితో గాలి పట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగలు లీకు ఎక్కడుందో చెబుతాయి. దీన్ని మానేయకూడదు. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లీకైన పొగ కారు లోపలికి చేరితే కూర్చున్నవాళ్ల ప్రాణాలకే ముప్పు.

కళ్లు, ఊపిరితిత్తులు

అద్దం లేకుండా "ఒక్క టాకే కదా" అని చూసినవాడికి రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. ఆర్క్ వెల్డింగ్‌కు 10 నుంచి 12 నంబరు అద్దం వాడాలి. జింకు పూసిన జీఐ పైపును మానిఫోల్డ్‌కు వాడనే వాడొద్దు. దాని పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ముక్కను వెల్డింగ్ చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. మూసిన గదిలో ఆర్గాన్ వదిలితే గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. తలుపులు తెరిచి, గాలి ఆడేచోటే పని చేయాలి. బండి మీద టాక్ వేయాల్సి వస్తే ముందు బ్యాటరీ వైరు తీసేయాలి.

పిల్లల వయసు విషయం ఇంటి పెద్దలు చూసుకోవాలి. బడి మాన్పించి షెడ్డులో పెట్టే అలవాటు ఇంకా పోలేదు. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. 18 నిండనివాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు.

చట్టం ఏమంటోంది?

కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్దం, పొగ హద్దు మీరిన బండిని రోడ్డు మీద నడిపితే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉన్నాయి. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కార్లలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ చాలావాటిలో మానిఫోల్డ్‌కు ఆనుకునే ఉంటుంది. దాన్ని కోసి పైపు పెట్టమని వచ్చే గిరాకీకి "కాదు భాయ్" అని చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

మరి ఈ నేర్పు ఎక్కడ పనికొస్తుంది? పగిలిన పాత మానిఫోల్డ్ అతకడంలో, ట్రాక్టరు, జనరేటరు, బోరు బండి కంప్రెసర్ల సైలెన్సర్ పైపుల పనిలో. రేసు ట్రాకు మీదే తిరిగే బండ్లలో కూడా. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ పోటీలో ఇంజనీరింగ్ విద్యార్థులు తమ కారు తామే తయారు చేస్తారు. అక్కడ పెట్రోలు ఇంజన్ పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలన్నది నియమం. అందుకే ఇన్‌టేక్ మానిఫోల్డ్ తయారీ వాళ్లకు పెద్ద పరీక్ష.

లెక్క రాసుకోవాలి

చాలామంది సరుకు ఖర్చే లెక్కేస్తారు, గంటలు లెక్కేయరు. పైపు, ఫ్లాంజ్‌కు 3,000, గ్యాస్, రాడ్లకు 800 అయ్యాయనుకుందాం. పని 14 గంటలు పట్టింది. 4,500 తీసుకుంటే 700 మిగిలిందని సంతోషపడతారు. కానీ గంటకు పడింది 50 రూపాయలే. గంటకు 150 రావాలంటే బిల్లు 5,900 కావాలి. మొదటి రోజు నుంచే ఒక చిన్న నోటు పుస్తకంలో సరుకు, గంటలు, చెడిపోయిన ముక్కలు రాసుకుంటే ఏ పని ఒప్పుకోవాలో తెలుస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఐటీఐలో వెల్డర్ కోర్సు ఒక ఏడాది. ఎనిమిదో తరగతి పాసైతే చేరవచ్చు. సర్టిఫికెట్ ఉంటే బళ్లారి పక్కన తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ లాంటి చోట్ల అడగడానికి ఒక కాగితం చేతిలో ఉన్నట్టు. షెడ్డులో ఉస్తాద్ దగ్గర నేర్చిన చేతివాటానికి ఈ చదువు తోడైతే మంచిది.

మానిఫోల్డ్ జోలికి పోకముందు మూడు పనులు సాధన చేయాలి. పాత పైపు ముక్కలను సందు లేకుండా జత చేయడం. చుట్టూ వెల్డింగ్ చేసి, రెండుగా కోసి లోపల చూసుకోవడం. ఫ్లాంజ్‌ను వంకర పోకుండా వెల్డింగ్ చేయడం. ఈ మూడూ వచ్చాకే గిరాకీ పని ముట్టుకోవాలి.

కరెంటు కార్లు వస్తున్నాయి కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. నిజమే, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ రేసులో ఒక్క కారుకూ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లేదు. రేపు మానిఫోల్డ్ గిరాకీ తగ్గవచ్చు. కానీ సరిగ్గా కొలిచి, సందు లేకుండా జతచేసి, లీకు లేకుండా అతికే చేతికి గేట్ల దగ్గర్నుంచి ఫ్యాక్టరీ పైపుల దాకా పని ఉంటుంది. పిల్లవాడు మానిఫోల్డ్ నేర్చుకుంటానంటే ఇంట్లోవాళ్లు వద్దనక్కర్లేదు. ముందు ఐటీఐ దరఖాస్తు నింపించి, మంచి వెల్డింగ్ అద్దం కొనిస్తే చాలు.